కేంద్రం అనే మాట దగ్గర ఆగు

అమ్మాయీ,

ఇమిగ్రేషన్ మీద కాలిఫోర్నియాకీ వాషింగ్టన్‌కీ గొడవ గురించి, అందులో చిక్కుకున్న మన కుర్రాడి గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదువుతుంటే కాఫీ చల్లారిపోయింది, అంటే బాగానే రాశావన్నమాట. రెండోసారి పెన్సిల్ పట్టుకున్నాను. "కేంద్రం కన్నెర్ర చేసింది, కాలిఫోర్నియా తలవంచక తప్పదు" అన్న నీ మొదటి వాక్యం దగ్గరే అది ఆగిపోయింది. కన్నెర్ర సంగతి వదిలెయ్, పేపర్ల వాళ్ళు దాన్ని ఎప్పుడో అరగదీశారు. నా పేచీ "కేంద్రం"తో.

ఆ మాట మనం ఇంటి నుంచి ఆవకాయతో పాటు సూట్‌కేసులో పెట్టుకొచ్చింది. దాని వెనక మన రాజ్యాంగంలోని 256వ అధికరణం ఉంది. పార్లమెంటు చేసిన చట్టం అమలయ్యేలా చూడమని ఢిల్లీ రాష్ట్రాలకు ఆదేశాలు ఇవ్వొచ్చు. అందుకే పైవాడు చెప్తే కిందవాడు చేయాలి అన్న లెక్క మన బుర్రలో ముందే కూర్చుని ఉంటుంది. అమెరికాలో వాషింగ్టన్‌కి, అంటే అక్కడి జాతీయ ప్రభుత్వానికి, ఆ సౌకర్యం లేదు. తెలుగులో రాసేవాడు "కేంద్రం" అనగానే, చదివేవాడు లేని అధికారాన్ని ఊహించేసుకుంటాడు.

ఈ గొయ్యిలో నేనూ పడ్డాను. 2010 ఏప్రిల్‌లో అరిజోనా గవర్నర్ జాన్ బ్రూయర్ ఎస్‌బీ 1070 అనే రాష్ట్ర బిల్లు మీద సంతకం పెట్టినప్పుడు ఒక చిన్న పత్రికకి రాస్తుండేవాణ్ణి. పోలీసులు ఏదో కారణంతో ఆపిన మనిషి అక్రమంగా దేశంలో ఉన్నాడని అనుమానం వస్తే, అతని స్టేటస్, అంటే దేశంలో ఉండే హక్కు ఉందో లేదో, వాకబు చేయాలంటుంది ఆ చట్టం. జులైలో ఒబామా ప్రభుత్వం దాని మీద కోర్టుకెక్కింది. నేను దర్జాగా "చట్టం ఆపమని అరిజోనాకు వాషింగ్టన్ ఆదేశం" అని హెడ్డింగ్ పెట్టేశాను. మర్నాడు ఒక లాయరు గారు ఫోన్ చేసి, "ఆదేశించగలిగితే కోర్టుకెందుకు వెళ్తారండీ?" అన్నారు. జవాబు లేదు. వచ్చే సంచికలో సవరణ వేసుకున్నాం.

ఆ కేసులో 2012 జూన్ 25న సుప్రీంకోర్టు తన ముందుకొచ్చిన నాలుగు సెక్షన్లలో మూడింటిని కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ కెనడీ. స్టేటస్ వాకబు చేసే సెక్షన్‌ని మాత్రం అప్పటికి ఉండనిచ్చింది. ఇమిగ్రేషన్ వాషింగ్టన్ పని, రాష్ట్రం దాని మీద సొంత నేరాలు సృష్టించకూడదు అన్నది సారాంశం.

ఇక్కడే నువ్వు రెండు గొడవల్ని కలిపేశావు. అరిజోనా "మీ పని నేనూ చేస్తాను" అంది. కాలిఫోర్నియా 2017లో ఎస్‌బీ 54 తెచ్చి "మీ పని నా పోలీసులు చేయరు" అంది. మొదటిదానికి కోర్టు అడ్డుపడింది. రెండోదాని మీద ట్రంప్ ప్రభుత్వం వేసిన దావా అప్పీలు కోర్టులో 2019లో ఓడింది, 2020లో సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోలేదు.

ఆ రెండోదానికి మూలం ఒక తుపాకుల కేసు. ఇది నీ వ్యాసంలో లేకపోతే ఎలా? తుపాకి కొనేవాళ్ళ పూర్వాపరాలు స్థానిక షెరీఫ్‌లు, అంటే మన జిల్లాల్లాంటి కౌంటీల పోలీసు పెద్దలు, చూడాలని అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టం చేసింది. మోంటానా నుంచి జే ప్రింట్జ్, అరిజోనా నుంచి రిచర్డ్ మాక్ అనే ఇద్దరు షెరీఫ్‌లు, మేము వాషింగ్టన్ జీతగాళ్ళం కాదు అని కోర్టుకెళ్ళారు. 1997లో జస్టిస్ స్కాలియా తీర్పుతో గెలిచారు: వాషింగ్టన్ తన పనిని రాష్ట్రాల అధికారుల చేత బలవంతంగా చేయించకూడదు అని. తుపాకి చట్టాల్ని కాదన్న షెరీఫ్‌లు గెలిచిన కేసు, ఇరవై ఏళ్ళకి లిబరల్ కాలిఫోర్నియాకి గొడుగయింది. ఇంకా వెనక్కి పోతే 1842లో ప్రిగ్ కేసు. పారిపోయిన బానిసల్ని యజమానులు పట్టుకుపోవచ్చు అంటూనే, ఆ పనికి రాష్ట్ర అధికారుల్ని బలవంతం చేయలేమని సూచించింది కోర్టు. దాంతో ఉత్తరాది రాష్ట్రాలు కొన్ని తమ జైళ్ళని, అధికారుల్ని ఆ పనికి ఇవ్వం అని చట్టాలు చేసుకున్నాయి. పార్టీ జెండా చూసి వాక్యం మొదలుపెడితే ఇవేవీ కనపడవు.

ఇప్పుడు నీ కుర్రాడి కథ. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోనిచ్చే అనుమతి) అయిపోయి, స్టేటస్ పోయి, తాగి కారు నడిపి దొరికాడు. అరెస్టు నాలుగు పేరాలు రాశావు, జైలు ఒక్క లైనులో తేల్చేశావు. అసలు కథంతా ఆ లైనులోనే ఉంది. జైల్లో తీసుకున్న వేలిముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కణ్ణుంచి హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీకి వెళ్తాయి. కాలిఫోర్నియా అయినా అంతే. తర్వాత ఐస్ వాళ్ళు, అంటే వాషింగ్టన్ ఇమిగ్రేషన్ పోలీసులు, జైలుకి డిటైనర్ అనే కాగితం పంపొచ్చు: వదిలేయాల్సిన టైము దాటాక ఇంకో 48 గంటల దాకా ఉంచండి అని. దాని మీద ఉండేది ఐస్ అధికారి సంతకం, జడ్జిది కాదు. మామూలుగా అది విన్నపమే.

కాలిఫోర్నియాలో ఆ కాగితం మీద మనిషిని పట్టి ఉంచకూడదు. కానీ కొన్ని తీవ్రమైన నేరాల్లో శిక్ష పడ్డవాళ్ళని అప్పగించొచ్చు, విడుదల తేదీ చెప్పొచ్చు. "రక్షణ కోట" అన్నావు, అది కోట కాదు, జల్లెడ. టెక్సస్‌కి వస్తే, 2017లోనే ఎస్‌బీ 4 అనే చట్టం తెచ్చి జైళ్ళు డిటైనర్‌ని పాటించి తీరాలన్నారు. కాదన్న షెరీఫ్ పదవే పోవచ్చు. షెరీఫ్ అంటే మన ఎస్పీలా బదిలీ చేసే మనిషి కాదు, జనం ఓట్లతో గెలిచినవాడు. వాషింగ్టన్ చేయలేని బలవంతం టెక్సస్ రాష్ట్రం తన కౌంటీల మీద చేయగలదు. డాలస్ చుట్టుపక్కల ఉన్న మన పిల్లల్లో ఇది తెలిసినవాళ్ళు తక్కువ, వాళ్ళ దృష్టంతా హెచ్1బీ లాటరీ మీదే కదా.

అందుకని ఆ కుర్రాడి పేరు మార్చు, కాలేజీ మార్చు. కౌంటీ మాత్రం మార్చకు, మారిస్తే జరిగింది జరగనట్టే. విశేషణాలు సగం తీసెయ్, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో అది పెట్టు. అతన్ని ఎన్ని గంటలకి వదిలారు, బయట ఎవరు నిలబడి ఉన్నారు, కారులో వచ్చినవాళ్ళు వాళ్ళెవరో చెప్పారా? వ్యాసంలో ఇవి లేవు. ఫోన్‌లో అడుగు, తొందరపెట్టకు, మొదటిసారి చెప్పకపోవచ్చు. అడిగాక మళ్ళీ పంపు.

మీ నాన్నకి నా నమస్కారాలు.

నీ
బాబాయి