ఖాళీ నెలలను లెక్కించని గ్రాఫ్‌ను నమ్మి అప్పు చేయవద్దు

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం నడుపుతున్నాను. గత ఏప్రిల్ నుంచి మార్చి వరకు అమ్మకాలను నెలనెలా కూడుకుంటూ వెళ్లి ఎక్సెల్‌లో గ్రాఫ్ గీశాను. మొత్తం 27 లక్షలు వచ్చింది. జూన్‌లో అమ్మ ఆసుపత్రిలో ఉండటంతో దుకాణం తెరవలేదు. అక్టోబరు, నవంబరుల్లో లెక్కలు రాసే అబ్బాయి ఊళ్లో లేడు. ఆ అమ్మకాలన్నీ డిసెంబరులో కలిపి రాశాను. లెక్క ఉన్న తొమ్మిది నెలలకు సగటున 3 లక్షలు పడుతోంది. సరుకు, కూలి, అద్దె పోను నూటికి 12 రూపాయలు మిగులుతాయి. ఇంటి ఖర్చు నెలకు 18 వేలు. ఈ సీజన్‌లో జీడిపిక్కలు కొని నిల్వ చేయడానికి మూడు రూపాయల వడ్డీకి 5 లక్షలు తీసుకోవచ్చా?

సమాధానం: అమ్మా, తీసుకోవద్దు. మీలాగే లెక్క లేని నెలలను వదిలేసి సగటు కట్టి, దాని మీద అప్పు లెక్కలు వేసుకునేవారు చాలామంది ఉన్నారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ గ్రాఫ్‌లో గీత సెప్టెంబరు నుంచి నవంబరు వరకు కదలకుండా ఉండి, డిసెంబరులో ఒక్కసారిగా ఏడున్నర లక్షలు పైకి లేచింది. అది మూడు నెలల అమ్మకం. నెలకు రెండున్నర లక్షల చొప్పున పంచి చూస్తే, మిగిలిన ఎనిమిది నెలల సగటుకు, అంటే సుమారు 2.44 లక్షలకు, దాదాపు సమానమే అవుతుంది. వ్యాపారం పెరగలేదు, రాత ఆలస్యమైంది. పైగా కూడుకుంటూ పోయే మొత్తం ఎంత చెడ్డ నెలలోనూ కిందికి దిగదు కాబట్టి, అప్పు విషయంలో నెలవారీ అమ్మకాలనే చూడాలి.

27 లక్షలను పన్నెండుతో భాగించండి. సగటు 2.25 లక్షలు, మిగులు 27 వేలు, ఇంటి ఖర్చు పోను చేతిలో ఉండేది 9 వేలు. మీ లెక్క ప్రకారమైతే 18 వేలు మిగిలేవి, నెలకు 15 వేల వడ్డీ కట్టగలననిపించేది. నిజానికి అసలు తీర్చే మాట అటుంచి వడ్డీకే ప్రతి నెలా 6 వేలు తక్కువ పడతాయి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. జీడిపప్పు వ్యాపారంలో మీకు మిగిలే నూటికి పన్నెండుతో ఆ భారం మోయడం అసాధ్యం.

గ్రాఫ్‌ను కూడా సరిచేయండి. దుకాణం మూసిన జూన్‌లో సున్నా రాయండి, ఎందుకంటే అది నిజమైన సున్నా. అక్టోబరు, నవంబరు అమ్మకాలను ఫోన్‌పే చెల్లింపుల జాబితా, అరువు పుస్తకం చూసి విడదీయండి. అది కుదరకపోతే ఆ రెండు నెలల కూడిక మొత్తం ఉండే గడులను సూత్రం కూడా లేకుండా ఖాళీగా ఉంచితే గీత అక్కడ తెగి, లెక్క లేదని తెలుస్తుంది. అయితే డిసెంబరు సూత్రం పై గడికి కలిపేదిగా కాక, ఏప్రిల్ నుంచి కూడేదిగా ఉండాలి. లేకపోతే మొత్తం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఇక నేను పదేపదే చెప్పే మాట అత్యవసర నిధి. జూన్ మీకు ఇప్పటికే చూపించింది: దుకాణం మూసినా అద్దె, ఇంటి ఖర్చు ఆగలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానులు వచ్చాయి. తిత్లీకి మీ ఉద్దానం ప్రాంతంలో జీడితోటలు ఎలా నేలకొరిగాయో మీకు నేను చెప్పనక్కరలేదు. అలాంటి నెలలో 15 వేల వడ్డీ కూడా తోడైతే తీర్చడానికి మరో అప్పు చేయాల్సి వస్తుంది. మీ అద్దె 6 వేలనుకుంటే, ఇంటి ఖర్చుతో కలిపి నెలకు 24 వేలు, ఆరు నెలలకు 1.44 లక్షలు కావాలి. దీన్ని నిల్వ సరుకు రూపంలో కాక బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి, ఎందుకంటే తుఫాను వచ్చిన వారంలో పిక్కలను ఎవరూ మంచి ధరకు కొనరు.

సరుకుకు అగ్ని ప్రమాద, తుఫాను బీమా తీసుకోండి. పెట్టుబడి తప్పనిసరైతే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద బ్యాంకులు ఇచ్చే, హామీ అడగని ముద్రా రుణం కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు ఉంది.

నెలకు 9 వేల చొప్పున నిధి పూర్తవడానికి పదహారు నెలలు పడుతుంది. ఈ సీజన్‌లో చేతిలో ఉన్న డబ్బుకు వచ్చినన్ని పిక్కలే కొనండి. నిధి సగమైనా చేరాక, సరిచేసిన నెలవారీ లెక్కలు పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి.