స్కోరు 790 ఉన్నా కార్డు ఎందుకివ్వలేదు?

క్రెడిట్ కార్డు దరఖాస్తులు, క్రెడిట్ రిపోర్టుల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: నా సిబిల్ స్కోరు 790. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, ఒక్క ఈఎంఐ కూడా ఆలస్యం కాలేదు. అయినా ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు దరఖాస్తు తిరస్కరించింది. 'మా అంతర్గత విధానం ప్రకారం ఇవ్వలేకపోతున్నాం' అని మెసేజ్ వచ్చింది, అంతే. 750 దాటితే కార్డు ఖాయమంటారు కదా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 750 అనేది ఆర్‌బీఐ గీసిన గీత కాదు. వాడుకలో స్థిరపడిన అంకె, అంతే. ఎంత స్కోరుంటే కార్డివ్వాలన్నది ఏ బ్యాంకుకా బ్యాంకు నిర్ణయించుకుంటుంది. 300 నుంచి 900 మధ్య ఉండే స్కోరు, తీసుకున్న అప్పుల్ని ఇంతవరకూ ఎలా కట్టారో చూసి వేసిన అంచనా మాత్రమే. మీ జీతమెంతో ఆ లెక్కలోకి రాదు. ఆ లెక్క బ్యాంకు విడిగా వేసుకుంటుంది, 790 వాళ్లు సాధారణంగా దెబ్బతినేది అక్కడే.

ఉదాహరణకు చేతికొచ్చే జీతం 60,000 రూపాయలనుకోండి. ఇంటి లోను ఈఎంఐ 24,000, బండి లోను 4,500, ఫోను వాయిదా 3,000. మొత్తం 31,500, అంటే జీతంలో సగానికి పైనే. అన్నీ ఠంచనుగా కడుతున్నారు కాబట్టి స్కోరు బాగుంటుంది. కొత్తగా లక్ష రూపాయల లిమిట్ ఇస్తే దాన్ని తీర్చే వెసులుబాటు ఎక్కడుంది అన్నది బ్యాంకు సందేహం. వాయిదాలు జీతంలో సగం దాటిన చోట చాలా బ్యాంకులు వెనక్కి తగ్గుతాయి.

రెండో కారణం రిపోర్టు చివర ఉండే 'ఎంక్వైరీలు' భాగం. మీరు దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ బ్యాంకు పేరు, తేదీ, దేనికోసం, ఎంత మొత్తానికి అన్నవి అక్కడ చేరతాయి. ఒక బ్యాంకు కాదనగానే మరో మూడు చోట్ల అప్లై చేయడం మనవాళ్లకు అలవాటు. నెల తిరక్కుండా నాలుగైదు ఎంక్వైరీలు కనిపిస్తే, డబ్బుకు ఇబ్బంది పడుతున్నాడనే అర్థం తీసుకుంటారు. 'ప్రీ-అప్రూవ్డ్' అని వచ్చిన మెసేజ్ కూడా హామీ కాదు, మీరు సరేనన్నాక మళ్లీ రిపోర్టు తీసి చూస్తారు.

మూడోది ఇంటిపేరు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరంగా, ఆధార్‌లో చివర, ఇలా ఒక్కోచోట ఒక్కోలా ఉండటం తెలుగువాళ్లలో సర్వసాధారణం. పేరు, పుట్టినతేదీ, పాన్ సరిగ్గా కలవకపోతే మీ ఖాతాలు రెండు ఫైళ్లుగా చీలిపోవచ్చు. అదే పేరున్న మరొకరి లోను వచ్చి మీ రిపోర్టులో కూర్చోనూవచ్చు. అందుకే స్కోరు ఒక్కటి చూసి ఊరుకోకుండా రిపోర్టు మొత్తం చదవండి. మన దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని ఈ రిపోర్టులు తయారుచేసే క్రెడిట్ సంస్థలు నాలుగున్నాయి. ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వడం ఈ నాలుగింటి బాధ్యత. మీరు చూసింది సిబిల్, బ్యాంకు చూసింది మరొకటి కావచ్చు. లెక్కగట్టే పద్ధతి ఒక్కో సంస్థది ఒక్కోటి కాబట్టి నాలుగు స్కోర్లూ ఒకేలా ఉండవు.

ఇక ఆ మెసేజ్ సంగతి. 2022లో ఆర్‌బీఐ ఇచ్చిన క్రెడిట్ కార్డు మార్గదర్శకాల ప్రకారం, దరఖాస్తు తిరస్కరిస్తే దానికి నిర్దిష్ట కారణం రాతపూర్వకంగా చెప్పాలి. 'అంతర్గత విధానం' అనేది కారణం కాదు, తప్పించుకునే మాట. దరఖాస్తు నంబరు రాసి, కారణం తెలపమని ఆ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. కారణం తెలిసేదాకా ఇంకెక్కడా అప్లై చేయొద్దు. కారణం సరిదిద్దుకున్నాక కూడా ఒక మూడు నాలుగు నెలలు ఆగడం మంచిది.

ప్రశ్న: 2019లో పర్సనల్ లోను కట్టలేకపోయాను. బాకీ 1,40,000 ఉంటే మాట్లాడుకుని 85,000 ఒకేసారి కట్టేశాను. బ్యాంకు లెటరు కూడా ఇచ్చింది. రిపోర్టులో మాత్రం 'సెటిల్డ్' అని ఉంది, ఎక్కడ అడిగినా కార్డు రావట్లేదు. అప్పు తీరిపోయినట్టే కదా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీకు తీరింది. బ్యాంకు పుస్తకాల్లో మాత్రం 55,000 నష్టంగా మిగిలింది. 'క్లోజ్డ్' అంటే పూర్తిగా కట్టారని, 'సెటిల్డ్' అంటే తక్కువకు ఒప్పుకున్నారని. కార్డు అనేది తాకట్టు లేని అప్పు కాబట్టి 'సెటిల్డ్', 'రిటన్ ఆఫ్' (రాని బాకీగా బ్యాంకు కొట్టేసింది) అన్న మాటలు కనిపించగానే స్కోరు సంగతి పక్కనబెట్టి కాదనే బ్యాంకులు చాలా ఉన్నాయి.

ఈ మాటను సిబిల్ తనంతట తాను మార్చడం కుదరదు. లోనిచ్చిన బ్యాంకు చెబితేనే మారుతుంది. ముందు ఆ బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి లోను ఖాతా నంబరుతో మెయిల్ పెట్టి, మిగిలిన మొత్తం కడితే ఖాతాను 'క్లోజ్డ్'గా నమోదు చేస్తారా, ఎంత కట్టాలి అని అడగండి. జవాబు రాతలో వచ్చాకే డబ్బు కట్టండి. మాటవరసకు సరేనన్న రికవరీ ఏజెంటు రేపు ఆ ఉద్యోగంలో ఉండకపోవచ్చు. డబ్బు నేరుగా లోను ఖాతాలోకే వెళ్లాలి, ఏజెంటు ఫోన్‌పే నంబరుకు కాదు. తర్వాత నో డ్యూస్ సర్టిఫికెట్, అంటే బాకీ ఏమీ లేదనే పత్రం, తీసుకోండి. మీ దగ్గరున్న పాత లెటరు ఒకసారి తీసి చూడండి, అందులో 'సెటిల్‌మెంట్' అన్న మాట ఉంటే అది ఇందుకు పనికిరాదు.

నెల దాటినా రిపోర్టు మారకపోతే క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లో 'డిస్ప్యూట్' వేసి ఆ సర్టిఫికెట్ జతచేయండి. ఫిర్యాదును 30 రోజుల్లో పరిష్కరించాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆలస్యం బ్యాంకుదైతే బ్యాంకు, క్రెడిట్ సంస్థదైతే ఆ సంస్థ ఇచ్చుకోవాలి.

'క్లోజ్డ్' అయినంత మాత్రాన పాత ఆలస్యాలు చెరిగిపోవు. డీపీడీ అనే గడుల్లో, అంటే గడువు దాటాక ఎన్ని రోజులైందో నెలనెలా చూపే వరుసలో, 30, 60, 90 అంకెలు ఎప్పటివి అప్పటికి అలాగే ఉంటాయి. ఏడేళ్లకు మాయమవుతాయని చాలామంది నమ్ముతారు. సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలన్నదే నియమం, ఏడేళ్లు కాగానే తీసెయ్యాలని కాదు. నిజంగా జరిగిన ఎగవేతను డబ్బు తీసుకుని తుడిచేస్తామనే ఏజెన్సీల జోలికి వెళ్లొద్దు. వాళ్లు చేసేదల్లా మీ పేరుతో డిస్ప్యూట్ వేయడమే, అది మీరే ఉచితంగా చేసుకోవచ్చు.

ప్రశ్న: కార్డు లిమిట్ 50,000. నెలకు 42,000 దాకా వాడి, గడువులోగా మొత్తం కట్టేస్తాను. ఒక్క రూపాయి వడ్డీ పడలేదు. స్కోరు మాత్రం తగ్గింది, ఎందుకని?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీరు కట్టేశారన్నది నిజమే. కానీ బ్యాంకు సమాచారం పంపిన రోజున బాకీ 42,000 ఉంది, అంటే లిమిట్‌లో 84 శాతం. ఈ వాడకం 30 శాతం లోపు ఉంటే మంచిదని ఈ రంగంలోని వాళ్లు చెబుతారు. 31 అయితే కొంప మునిగిపోదు, 80 దాటితే మాత్రం స్కోరు మీద కనిపిస్తుంది.

ఖర్చు తగ్గించుకోకుండానే దీన్ని సరిచేయొచ్చు. బిల్లు 12వ తేదీన తయారవుతుందనుకుంటే 9వ తేదీకే 30,000 కట్టేయండి. బిల్లులో 12,000 పడుతుంది, అంటే 24 శాతం. మిగిలింది గడువులోగా కట్టండి. బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలన్న నియమం 2025 జనవరిలోనే వచ్చింది కాబట్టి మార్పు త్వరగానే తెలుస్తుంది.

వాడని పాత కార్డు ఏదైనా ఉంటే, వార్షిక రుసుము లేనంతవరకూ రద్దు చేయొద్దు. దానికి లక్ష లిమిట్ ఉంటే మొత్తం 1,50,000లో మీ వాడకం 28 శాతమే. రద్దు చేసిన మర్నాటి నుంచి మళ్లీ 84.

గడువు గురించి ఒక మాట. గడువు దాటి మూడు రోజులకు మించితేనే బ్యాంకు దాన్ని బకాయిగా నమోదు చేసి ఆలస్య రుసుము వేయాలి. ఇది అదనపు గడువు అనుకోకండి. నాలుగో రోజు వచ్చిందంటే ఆలస్యాన్ని అసలు గడువు తేదీ నుంచే లెక్కేస్తారు.

ప్రశ్న: మా అమ్మాయికి కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఇంతవరకూ ఏ అప్పూ లేదు. రిపోర్టులో స్కోరు బదులు 'ఎన్‌హెచ్' అని ఉంది. నా కార్డు మీద యాడ్-ఆన్ కార్డు తీసిస్తే స్కోరు వస్తుందా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: దాన్ని నమ్ముకోవద్దు. యాడ్-ఆన్ కార్డు మీద ఎవరు వాడినా బాకీ మీదే, ఖాతా మీ పేరు మీదే. 'ఎన్‌హెచ్' అంటే చరిత్ర లేదని, చెడ్డదని కాదు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగేవాళ్లను తిరస్కరించొద్దని ఆర్‌బీఐ కూడా బ్యాంకులకు చెప్పింది. జీతం పడే బ్యాంకులో ముందు అడగమనండి, జీతం జమలు వాళ్ల కళ్లముందే ఉంటాయి.

అక్కడ కాదంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు ఉంది. 25,000 డిపాజిట్ చేస్తే సాధారణంగా 75 నుంచి 90 శాతం దాకా లిమిట్ ఇస్తారు, జీతం కాగితాలు పెద్దగా అడగరు. డిపాజిట్ మీద వడ్డీ వస్తూనే ఉంటుంది, కార్డు ఉన్నన్నాళ్లూ దాన్ని తీసుకోవడం మాత్రం కుదరదు. నెలకు రెండు మూడు వేలు, ఫోను రీఛార్జో కరెంటు బిల్లో, వాడి పూర్తిగా కట్టేస్తే ఆరు నెలలు తిరిగేసరికి స్కోరు కనిపించడం మామూలు. 'మినిమమ్ డ్యూ', అంటే బిల్లులో కనీసం కట్టాలని చూపే చిన్న మొత్తం, కట్టి సరిపెట్టుకోవడం అలవాటు కానివ్వకండి. రిపోర్టులో ఆలస్యం పడదు గానీ వడ్డీ చాలా కార్డుల్లో నెలకు 3 శాతం పైనే ఉంటుంది. ఫోను కొనేటప్పుడు యాప్‌లో నొక్కే 'పే లేటర్' కూడా చాలాసార్లు చిన్న లోనుగానే రిపోర్టులోకి ఎక్కుతుందని అమ్మాయికి చెప్పండి.

ప్రశ్న: మా బావమరిది లోనుకు జామీను సంతకం పెట్టాను. నా స్కోరు చూసుకుంటే 60 పాయింట్లు తగ్గింది. తరచూ చూసుకోవడం వల్ల తగ్గిందా, ఆ సంతకం వల్లా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీ రిపోర్టు మీరు రోజూ చూసుకున్నా స్కోరు తగ్గదు. అనుమానించాల్సింది సంతకాన్నే. రిపోర్టులో ఆ లోను దగ్గర 'గ్యారంటర్' అని ఉంటుంది. కింద డీపీడీ గడుల్లో ఏ నెలలో సున్నాలు కాకుండా అంకె పడిందో చూడండి, ఆయన వాయిదా తప్పిన నెల అదే. ఆయన ఎంత బాగా కట్టినా, రేపు మీ కార్డు దరఖాస్తు చూసే బ్యాంకు ఈ లోనును మీ మీదున్న బాధ్యతగా లెక్కేసుకోవచ్చు.

బ్యాంకు ఒప్పుకోకుండా జామీను నుంచి బయటపడలేరు. బదులుగా మరో జామీనుదారునో, ఆస్తి తాకట్టునో చూపిస్తే ఒప్పుకునే అవకాశం ఉంది. ఈలోగా బ్రాంచికి వెళ్లి, జామీనుదారుగా ఆ ఖాతా స్టేట్‌మెంట్ అడగండి, వాయిదా తప్పితే మీ నంబరుకూ మెసేజ్ వచ్చేలా రాయించండి. ప్రస్తుతం బకాయి ఎంతో తెలుసుకుని అది 90 రోజులకు చేరకముందే కట్టించండి. 90 దాటితే అది మొండి బాకీ అవుతుంది, బ్యాంకు నోటీసు ఆయనతో పాటు మీ ఇంటికీ వస్తుంది.