కిసుము వెళ్తున్న లావణ్యకు

చి. లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

కెన్యాలో నీ ఉద్యోగం ఖాయమైందని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కిసుము, హోమా బే వైపు కుర్రాళ్ళను, ఆడపిల్లలను ఆరోగ్య నిర్ణయాల్లోకి తీసుకురావడమే నీ పని అంటున్నావు కాబట్టి, ఆ విక్టోరియా సరస్సు ఒడ్డు ఊళ్ళలో పనిచేసినదాన్నిగా కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

మీటింగులకు యువతను పిలవడం ఎవరైనా చేస్తారు. టీషర్టులిచ్చి, పాట పాడించి, ఫొటో తీసి పంపేస్తారు. అప్పటికే దేనికెంత ఖర్చు పెట్టాలో తేలిపోయి ఉంటుంది. అలాంటి పని నీకు అప్పగిస్తే ఒప్పుకోకు. లెక్క తేలకముందే ఆ పిల్లలు ఆ గదిలో ఉండాలి.

2010 రాజ్యాంగం తర్వాత, 2013 నుంచి ఆసుపత్రులు చాలావరకు 47 కౌంటీల, అంటే అక్కడి జిల్లాల్లాంటి స్థానిక ప్రభుత్వాల చేతికి వచ్చాయి. అందుకే నీకు నైరోబీ కంటే కౌంటీ ఆఫీసే ముఖ్యం. అక్కడ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. బడ్జెట్ అంచనాలు ఏప్రిల్ 30లోగా కౌంటీ అసెంబ్లీకి చేరాలి. ఏ రంగానికి ఎంత అని సూచించే పత్రం ఇంకా ముందే, ఫిబ్రవరి 28లోగా వెళ్ళాలి. మే నెలలో ర్యాలీ తీస్తే ఏం లాభం? నవంబరులోనే పిల్లలతో కూర్చో. ‘వీళ్ళకేం తెలుసు’ అని ఎవరైనా అంటే, యువతకు పాలుపంచుకునే అవకాశం కల్పించాలన్న రాజ్యాంగం 55వ అధికరణం చూపించు.

వాళ్ళకు తెలిసినవి మనకు తెలియవు. ఒక సమావేశంలో, హెచ్‌ఐవీ ఉన్న హైస్కూలు పిల్లలు మాత్రలు సరిగా వేసుకోవడం లేదని పెద్దలంతా బాధపడుతున్నారు. కౌన్సెలింగ్ పెంచాలని ఒకరు, తల్లిదండ్రులకు క్లాసులు పెట్టాలని ఇంకొకరు. వెనక కూర్చున్న ఓ కుర్రాడు లేచి, బ్యాగులోంచి మాత్రల డబ్బా తీసి ఊపాడు. గలగలమంది. ‘‘హాస్టల్లో అందరూ పడుకున్నాక ఈ చప్పుడు ఎలా దాచమంటారు?’’ అన్నాడు. డబ్బాలో దూది కుక్కుతారట, మాత్రలు కాగితంలో చుట్టి సాక్సుల్లో పెడతారట. అక్కడ బోర్డింగ్ హైస్కూళ్ళు ఎక్కువ. ఆ గదిలో ఇంత చదువుకున్నవాళ్ళం ఉన్నాం, ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

ఆ అబ్బాయి తనంతట తానే లేచి చెప్పాడు. నువ్వు మాత్రం ఎవరినీ ‘నీ కథ చెప్పు’ అని స్టేజీ ఎక్కించకు. హాలు ఖాళీ అయ్యాక ఆ పిల్ల తిరిగి అదే ఊరికి, అదే క్లాసుకు వెళ్ళాలి. ఫొటో విషయంలోనూ అంతే.

దానికి బదులు విషయం నేర్పు. దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీ మందుల కోసం 1998లో మొదలైన ఉద్యమం ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ బలం అదే. వైరస్ ఏం చేస్తుంది, మందు ఎలా పనిచేస్తుంది, ధర ఎందుకంత ఉంది అన్నది మామూలు జనానికి అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. వీధుల్లోకీ వెళ్ళారు, కోర్టుకూ వెళ్ళారు. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఆపే నెవిరపిన్ మందును ప్రభుత్వ ఆసుపత్రుల్లో అందుబాటులో ఉంచాలని 2002లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. మీ పిల్లలకూ మందుల స్టాకు రిజిస్టరు చదవడం, బడ్జెట్‌లో ఒక పద్దు వెతకడం రావాలి. అప్పుడు వాళ్ళను చప్పట్లు కొట్టి పంపించేయడం ఎవరి తరమూ కాదు.

నర్సుల మీదకు మాత్రం వాళ్ళను ఉసిగొల్పకు. డిస్పెన్సరీలో ఒక్కతే నర్సు ఉండి, మందులు రాకపోతే ఆమె ఏం చేస్తుంది? 2002లో మలావీలో కేర్ అనే సహాయ సంస్థ మొదలుపెట్టిన స్కోర్‌కార్డు పద్ధతి నాకు నచ్చుతుంది. ఊరివాళ్ళు వేరుగా, సిబ్బంది వేరుగా మార్కులు వేసుకుని, తర్వాత ఒకచోట కూర్చుని ఏం మార్చాలో తేల్చుకుంటారు.

ఇంకొకటి. పిల్లలు వచ్చే బోడా బోడా (అద్దె బైకు) ఛార్జీ ఆ రోజే ఎం-పెసాలో, అంటే ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతిలో వేసేయాలి, నెలాఖరుకి కాదు. చంటిబిడ్డల తల్లులు వస్తే బిడ్డను చూసుకునే మనిషిని పెట్టు. ఇంగ్లీషు బాగా వచ్చిన నలుగురినే ప్రతిసారీ పిలిస్తే, చేపల రేవుల్లో పనిచేసే పిల్లలు ఎప్పటికీ రారు. మీటింగు అక్కడివాళ్ళ భాష డొలువోలోనో స్వాహిలీలోనో జరగనీ. అర్థం కాకపోతే నువ్వే పక్కన ఒకరిని కూర్చోబెట్టుకో.

వెళ్ళగానే కౌంటీ ఆరోగ్య శాఖ పోయినేడాది బడ్జెట్ కాపీ సంపాదించు. వార్డుకో పేజీ చొప్పున డొలువోలో రాయించు, అదీ ఆ పిల్లల చేతే. ఆ పేజీలు తయారయ్యాక నాకూ ఒకటి పంపు.

ఉంటాను,
పెద్దమ్మ