ఒక చెవిలో గొంతు, ఇంకో చెవిలో గిటార్: తప్పు ఇయర్‌బడ్స్‌ది కాదు

ప్రశ్న: ఈమధ్యే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ బీటిల్స్ తొలి ఆల్బమ్‌లు వినడం మొదలుపెట్టాను. 'ప్లీజ్ ప్లీజ్ మీ' ఆల్బమ్‌లో రీమాస్టర్డ్ అని ఉన్నదే పెట్టాను. ఎడమ చెవిలో డ్రమ్స్, గిటార్లు, కుడి చెవిలో గొంతులు. వేరే పాటలు బాగానే వస్తున్నాయి. ఇయర్‌బడ్స్ పోయాయా? వారంటీ ఇంకో పది రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

సర్వీస్ సెంటర్‌కి వెళ్లే పని లేదు. వేరే పాటలు బాగున్నాయని మీరే అంటున్నారుగా! మొదటిసారి విన్నప్పుడు నేనూ హెడ్‌ఫోన్ పిన్ను నాలుగుసార్లు పీకి పెట్టినవాణ్నే. ఆ పాటలు రికార్డయిందే అలా.

ఆ ఆల్బమ్‌లోని 14 పాటల్లో 10 పాటల్ని లండన్ ఆబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో ఒక్కరోజే, 1963 ఫిబ్రవరి 11న, రికార్డు చేశారు. టేపు మీద ఉన్నవి రెండే ట్రాకులు. ఒకదాంట్లో గొంతులు, ఇంకోదాంట్లో వాద్యాలు. రెండూ విడిగా ఉంటే తర్వాత ఏది ఎంత వినపడాలో సరిచూసుకుని మోనోలో, అంటే రెండు పక్కలా ఒకే శబ్దం వచ్చేలా, కలపొచ్చని ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ ఏర్పాటు. అప్పట్లో ఇంగ్లండ్ కుర్రకారు వినేది మోనోనే. ఎడమ, కుడి వేరుగా వినిపించే స్టీరియో రికార్డు కోసం ఆ రెండు ట్రాకుల్నే చెరో పక్కకి పెట్టేశారు.

ఒక చిన్న పని చేసి చూడండి. 'ఐ సా హర్ స్టాండింగ్ దేర్' పెట్టి, ఎడమ ఇయర్‌బడ్ తీసేయండి. బ్యాండ్‌లోని పాల్ మెకార్ట్నీ 'వన్ టూ త్రీ ఫోర్' అని లెక్కపెట్టడం పక్కన నిలబడి విన్నట్టుంటుంది. ఆ గొంతు వెనకాల ఎక్కడో దూరంగా డ్రమ్స్ కూడా వినిపిస్తాయి. అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయిస్తూ పాడుతున్నారు కాబట్టి పాడే మైకులోకి ఆ చప్పుడూ దూరింది.

అయినా చిరాగ్గా ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో వెతికే చోట 'మోనో' అని టైప్ చేయండి. యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో కనిపిస్తుంది. ఆన్ చేస్తే రెండు చెవుల్లోనూ అన్నీ వస్తాయి. విన్నాక ఆఫ్ చేయడం మర్చిపోకండి, లేకపోతే రేపు కొత్త సినిమా పాట చప్పగా ఉందని మళ్లీ నాకే రాస్తారు.

ప్రశ్న: ఒకే పాటకి 2009 రీమాస్టర్ అని ఒకటి, 2023 మిక్స్ అని ఇంకోటి ఉన్నాయి. తేడా ఏంటి? ఏది వినాలి?

రీమాస్టర్ అంటే కలిపేసిన టేపునే శుభ్రం చేయడం. చిటపటలు తీస్తారు, బేస్, ట్రెబుల్ సర్దుతారు, వాల్యూమ్ పెంచుతారు. కూరలో ఉప్పు సరిచేయొచ్చు గానీ వేసిన వంకాయని బయటికి తీయలేం కదా! అందుకే 2009లో ఎంత బాగా చేసినా గొంతు కుడి పక్కనే ఉండిపోయింది.

మిక్స్ అంటే విడి ట్రాకుల దగ్గరికి వెళ్లి మళ్లీ కలపడం. వాద్యాలన్నీ ఒకే ట్రాకులో ఇరుక్కుపోయినప్పుడు అది కుదిరే పని కాదు. సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం బీటిల్స్ మీద తీసిన 'గెట్ బ్యాక్' డాక్యుమెంటరీ కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఆ ముడి విప్పింది. ఏ శబ్దం డ్రమ్‌ది, ఏది గిటార్‌ది అని నేర్చుకుని విడదీస్తుంది. దాని సాయంతోనే 2023లో '1962–1966' సంకలనంలోని తొలి పాటల్ని జార్జ్ కొడుకు జైల్స్ మార్టిన్ మళ్లీ కలిపారు. గొంతు మధ్యలోకి వచ్చింది.

ఇయర్‌బడ్స్‌తో బస్సులో వినడానికి 2023దే హాయి. కానీ నా ఓటు 2009లోనే వచ్చిన మోనో సీడీలకి. ఫోన్‌లో మోనో నొక్కితే అదే వస్తుందనుకోకండి, అవి వేరే మిక్స్‌లు. 'ప్లీజ్ ప్లీజ్ మీ' పాట స్టీరియోలో చివరి చరణం దగ్గర బ్యాండ్‌లోని జాన్ లెనన్ మాట తడబడి, ఆ వెంటనే 'కమాన్' అంటూ నవ్వు ఆపుకోలేకపోతాడు. మోనోలో ఆ తడబాటు లేదు. నిజానికి ఆ నవ్వు కోసమే నేను స్టీరియో కూడా ఉంచుకున్నాను.

పోల్చేటప్పుడు యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (అన్ని పాటల్నీ ఒకే వాల్యూమ్‌కి తెచ్చేది) ఆన్ చేయండి. కాస్త గట్టిగా వినిపించేదే బాగుందనిపించడం మన చెవుల బలహీనత.

ప్రశ్న: వీటి కోసం హై-రెజ్ (సీడీ కన్నా ఎక్కువ నాణ్యత) ప్లాన్‌కి డబ్బు కట్టొచ్చా? నావి బ్లూటూత్ ఇయర్‌బడ్స్.

వద్దు. కుదించకుండా పంపితే సీడీ నాణ్యతకే సెకనుకి 1,411 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్‌లో పాటని పంపే మెరుగైన పద్ధతుల్లో ఒకటైన ఎల్‌డ్యాక్ కూడా 990 దాటదు, ఐఫోన్‌లో అదీ లేదు. ఆ డబ్బుతో వైరు ఉన్న మంచి ఇయర్‌ఫోన్స్ కొనండి. ఫోన్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే ఫోన్ చార్జింగ్ పోర్టుకి సరిపోయే కనెక్టర్ చూసుకుని తీసుకోండి.