చలి కింద నుంచి వస్తుంది

సందేహం: అన్నయ్యా, మేము ముగ్గురు స్నేహితులం. ఈ చలి దేశానికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. గడ్డకట్టిన సరస్సుకు రంధ్రం చేసి ట్రౌట్ చేపలు పట్టాలని, ఆ మంచు మీదే టెంటు వేసుకొని రెండు రాత్రులు గడపాలని కోరిక. మంచి జాకెట్లు కొనేశాం. ఇంకా ఏమేం కొనాలో జాబితా రాసి పంపగలరా?

జవాబు: తమ్ముళ్లూ, కొనడానికి ముందు తగ్గించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. రెండు రాత్రులను ఒక రాత్రి చేయండి. టెంటును సరస్సు మీద నుంచి ఒడ్డు మీది చెట్ల చాటుకు మార్చండి. కారు దాకా పది నిమిషాల్లో నడిచి వెళ్లగలిగే చోటే ఉండండి. మొదటిసారి చలిలో పడుకోవడమూ, మొదటిసారి మంచు మీద చేపలు పట్టడమూ రెండూ కొత్తే. వాటిలో ఒకటి బెడిసికొట్టినా రెండోది పాడవుతుంది.

జాకెట్ల సంగతి చదివి నవ్వుకున్నాను. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. ఒంటి మీదికి ఖరీదైనవన్నీ కొని, కిందికి మాత్రం వేసవిలో వాడే గాలి పరుపు పట్టుకెళ్లాను. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చింది. ముఖం వెచ్చగా ఉంది, ఛాతీ వెచ్చగా ఉంది, వీపు మాత్రం తడి బండ మీద ఆనించినట్టు జిల్లుమంటోంది. ఒక పక్కకు తిరిగితే ఆ పక్క, ఇంకో పక్కకు తిరిగితే ఆ పక్క. చివరికి కారులో కూర్చొని తెల్లవారేదాకా గడియారం చూసుకున్నాను. కారణం చాలా మామూలుది. స్లీపింగ్ బ్యాగులో వేడిని ఆపేది దూదో ఈకలో కాదు, వాటి మధ్య నిలిచే గాలి. మన బరువుకు అడుగు భాగం నలిగిపోతే ఆ గాలి ఉండదు. ఇక వేసవి పరుపు లోపలి గాలి అటూ ఇటూ కదులుతూ ఒంటి వేడిని మోసుకెళ్లి నేలకు అప్పగిస్తుంది.

అందుకే మీ జాబితాలో మొదటి వస్తువు పరుపు. పరుపుల మీద ఆర్-విలువ అని, వేడిని ఎంతగా ఆపుతుందో చెప్పే ఒక అంకె ఉంటుంది. మంచు నేల మీద అది 5కు తగ్గకూడదు. మంచి విషయం ఏమిటంటే రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కూడుకోవచ్చు. 2 విలువ ఉన్న ఫోమ్ చాప మీద 4 విలువ ఉన్న గాలి పరుపు వేస్తే 6. గాలి పరుపుకు చిల్లు పడినా ఫోమ్ చాప మిగులుతుంది. స్లీపింగ్ బ్యాగు మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. అమ్మేవాళ్లకు మూడోదాన్ని పెద్దక్షరాల్లో చూపించాలని ఉంటుంది. ఆ అంకె హాయిగా నిద్రపోయేది కాదు, ప్రాణంతో బయటపడే అవకాశాన్ని మాత్రమే చెప్పేది. కంఫర్ట్ అంకె చూసి, ఆ రాత్రి వాతావరణ సూచన కంటే కనీసం 5 డిగ్రీలు దిగువన ఉన్నది తీసుకోండి.

చలికి రెండో దారి చెమట. సామాను స్లెడ్జి అనే, మంచు మీద జారే బండి మీద లాక్కుంటూ మందపాటి జాకెట్టుతో నడిస్తే గట్టు దాటేలోపు లోపలి బట్టలు తడుస్తాయి. ఆగగానే ఆ తడి ఒంటి వేడిని పీల్చేస్తుంది. నడిచేటప్పుడు కాస్త చలిగా ఉండేలా నడవండి, ఆగాక జాకెట్టు వేసుకోండి. నూలు బట్టలు ఇంట్లోనే వదిలేయండి. ఉన్ని తడిసినా కొంత వేడి నిలుపుతుంది, నూలు అలా కాదు. బూట్లు కాస్త వదులుగా ఉండాలి. మూడు జతల సాక్సులు కుక్కి బిగిస్తే రక్తం ఆడక వేళ్లు ముందుగా మొద్దుబారతాయి.

పడుకునే ముందు పొడి సాక్సులు మార్చుకోండి, మూత గట్టిగా ఉన్న సీసాలో వేడి నీళ్లు పోసి కాళ్ల దగ్గర పెట్టుకోండి. బ్యాగులో తల దూర్చి ఊపిరి వదలవద్దు, ఆ ఆవిరి లోపలే తడిగా మిగులుతుంది. టెంటు బయట ఉంచే నీళ్ల సీసాలను తలకిందులుగా పెట్టండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి తెల్లవారాక మూత దగ్గర ఇంకా నీళ్లే ఉంటాయి.

ఇక స్టవ్వు. గ్యాసు డబ్బాల్లో ఉండే బ్యూటేన్ సుమారు -0.5 డిగ్రీల వద్దే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ -42 దాకా ఆవిరవుతుంది. వేసవిలో బాగా పనిచేసిన చిన్న గ్యాసు డబ్బా చలిలో మొరాయించడానికి ఇదే కారణం. ద్రవ ఇంధనంతో నడిచే స్టవ్వు నమ్మదగినది. మంచు కరిగించేటప్పుడు గిన్నె అడుగున ముందు కొంచెం నీళ్లు పోయండి, లేకపోతే గిన్నె మాడుతుంది. ఏ స్టవ్వయినా, హీటరయినా మూసిన టెంటులో వెలిగించి నిద్రపోవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఈ విషయంలో నాతో వాదించిన ఒక స్నేహితుణ్ణి నేను మళ్లీ వెంట తీసుకెళ్లలేదు.

మంచు మందం గురించి మీరు అడగనే లేదు, అడగవలసిన మొదటి ప్రశ్న అదే. ఒక మనిషి నడవాలంటే పారదర్శకంగా, గట్టిగా ఉన్న మంచు కనీసం 4 అంగుళాలు, అంటే 10 సెంటీమీటర్లు ఉండాలి. తెల్లగా, పాలలా కనిపించే మంచుకు బలం దాదాపు సగం, కాబట్టి మందం రెట్టింపు కావాలి. ఒకచోట కొలిచి సంతోషపడవద్దు. గునపం లాంటి బరువైన ఇనుప కడ్డీతో ముందు పోటు వేస్తూ, కొన్ని పదుల అడుగులకొకసారి రంధ్రం చేసి కొలుస్తూ వెళ్లాలి. ముగ్గురూ ఎడంగా నడవండి. వాగు వచ్చి కలిసే చోట, నీళ్లు బయటికి పోయే చోట, ఊటల దగ్గర, వంతెన కింద మంచు పలుచగా ఉంటుంది. పైన పడిన మెత్తటి మంచు దుప్పటిలా కప్పి, కింద గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేస్తుంది. తెల్లగా అందంగా పరుచుకున్న చోటు గట్టిదని అనుకోకండి.

మెడలో రెండు చిన్న ఇనుప మేకుల పిడులు వేలాడదీసుకోండి. నీళ్లలో పడితే మంచు అంచును గుచ్చి పాకడానికి అవే ఆధారం. మానిటోబా విశ్వవిద్యాలయంలో చల్లటి నీళ్లపై పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ 1-10-1 అని ఒక లెక్క చెబుతారు. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు పనికొచ్చేది సుమారు 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. కాబట్టి మొదటి నిమిషం కొట్టుకోకుండా ఊపిరి పట్టు చిక్కించుకొని, వచ్చిన దిక్కుకే తిరిగి, కాళ్లు ఈతలా ఆడిస్తూ పైకి పాకాలి. పైకి వచ్చాక లేచి నిలబడవద్దు, దొర్లుకుంటూ దూరం వెళ్లండి.

ఇప్పుడు చేప. నీటి సాంద్రత సుమారు 4 డిగ్రీల వద్ద అత్యధికం. అందుకే చలికాలంలో ఆ నీళ్లు అడుగున, అంతకన్నా చల్లటివి పైన మంచును ఆనుకొని ఉంటాయి. కొత్తవాళ్లు ఇది విని చేపలన్నీ అడుగుకే పోతాయని లోతుగా గాలం వేస్తారు. రెయిన్‌బో, బ్రూక్ అనే ట్రౌట్ రకాలు తరచూ ఒడ్డుకు దగ్గరగా రెండు మూడు మీటర్ల లోతులోనే, ఒక్కోసారి మంచుకు కాస్త కిందనే తిరుగుతాయి. చలికాలం గడిచేకొద్దీ చిన్న సరస్సుల అడుగున ఆక్సిజన్ తగ్గడం కూడా అవి పైన ఉండడానికి ఒక కారణం. లేక్ ట్రౌట్ వేరు, దానికి లోతే ఇష్టం.

మామూలు ట్రౌట్‌కు 6 నుంచి 8 అంగుళాల రంధ్రం చాలు. ఆగర్ అనే పెద్ద బర్మాతో తొలిచాక పైకి వచ్చిన ముక్కలను చిల్లుల గరిటెతో తీసేయాలి. ఆ తర్వాత ఒక పని చేయండి. ఫోమ్ చాప వేసుకొని బోర్లా పడుకొని, తల మీద జాకెట్టు కప్పుకొని రంధ్రంలోకి చూడండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక కింద ఆకుపచ్చటి వెలుతురు, రాళ్లు, మీ ఎర మెల్లగా తిరగడం కనిపిస్తాయి. ఎక్కడి నుంచో ఒక నీడ వచ్చి ఎర ముందు ఆగుతుంది. ఎరను కొంచెం లేపి, పడనిచ్చి, ఇక కదపకుండా ఉంచండి. నేను కదిపి పోగొట్టుకున్న ట్రౌట్లకు లెక్క లేదు. పడ్డాక తొందరపడి లాగవద్దు. దారం చుట్టిన రీలు కాస్త వదులుగా ఉంటేనే చేప జోరుగా పరుగెత్తినా దారం తెగకుండా ఉంటుంది, దారాన్ని రంధ్రం అంచుకు రాసుకోనివ్వకండి. వదిలేయాలనుకున్న చేపను మంచు మీద పెట్టవద్దు, గడ్డకట్టే గాలిలో మొప్పలు, కళ్లు దెబ్బతింటాయి. నీళ్లలోనే కొక్కెం తీసేయండి.

వెళ్లే ముందు మీరున్న ప్రాంతపు మత్స్యశాఖ నియమావళి చదవండి. లైసెన్సు, ట్రౌట్‌కు విడిగా అనుమతి, ఒక్కొక్కరికి ఎన్ని గాలాలు, ఎన్ని చేపలు, బతికిన చిన్న చేపలను ఎరగా వాడవచ్చా, చలికాలంలో ఆ సరస్సు తెరిచి ఉందా, ఇవన్నీ ప్రాంతాన్ని బట్టి మారతాయి. స్థానికులకు, బయటివారికి రుసుము వేరు. కొత్తగా వచ్చినవారు ఎప్పటి నుంచి స్థానికులవుతారో కూడా అందులోనే ఉంటుంది, ఊహించి టిక్కు పెట్టకండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి రాసిపెట్టండి.

మరో మాట. రాత్రి ఒడ్డున పడుకున్నప్పుడు సరస్సు లోపల నుంచి ఉరిమినట్టు, ఒక్కోసారి పెద్ద తీగ మీటినట్టు శబ్దం వస్తుంది. చలి పెరిగినప్పుడు మంచు సంకోచించి పగుళ్లు సాగడం వల్ల అలా మోగుతుంది. మొదటి రాత్రి నేను టెంటు జిప్పు తెరిచి కూర్చున్నాను. ఆ చప్పుడు విన్నంత మాత్రాన సరస్సు విరిగిపోతోందని భయపడనక్కరలేదు. అలాగని చప్పుడు లేదు కదా అని పొద్దున కొలవకుండా దాని మీదికి అడుగు పెట్టవద్దు.