వివాదాస్పద ఆటగాడు చనిపోతే స్టేడియంలో ప్రేక్షకులు ఎలా నివాళి ఇవ్వాలి? అతనంటే పడనివాళ్లు ఏం చేయాలి?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మౌనం వద్దు, చప్పట్లు కొట్టండి, మైక్‌లో అబద్ధాలు చదవకండి. ఇలాంటి చోట రభస జరిగిందంటే తప్పు చాలావరకు జనానిది కాదు, మైక్ పట్టుకున్నవాడిది.

ఒకప్పుడు నేను ఒక క్రికెట్ లీగ్ మ్యాచ్‌లు వదలకుండా చూసేవాణ్ణి. అందులో ఒక ఫాస్ట్ బౌలర్ ఉండేవాడు. కుటుంబం ఉంది కాబట్టి పేరు చెప్పను. మంచి పేస్, అంతకు మించిన నోటిదురుసు. ఎల్‌బీ ఇవ్వలేదని వికెట్లు తన్నాడు, ఒకసారైతే అంపైర్ ఛాతీ మీద చెయ్యి వేసి నెట్టేసి, సీజన్ మొత్తం బయటే కూర్చున్నాడు. అయినా అతను బంతి అందుకున్నాడంటే గ్యాలరీలో ఎవరూ లేచి వెళ్లేవాళ్లు కాదు. రనప్ మొదలవగానే అందరం మెట్ల మీద కాళ్లు దడదడలాడించేవాళ్లం, అతను క్రీజు దగ్గరికి వచ్చేసరికి ఆ చప్పుడు టక్కున ఆగిపోయేది. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, కొత్తగా వచ్చినవాళ్లు కూడా రెండో బంతికల్లా కలిసిపోయేవాళ్లు.

పోవాల్సిన వయసు కాదు, పోయాడు. ఆ తర్వాతి మ్యాచ్‌కు ముందు రెండు జట్లనీ వరసగా నిలబెట్టారు. మైక్‌లో ఒకాయన కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. క్రీడాస్ఫూర్తికి నిలువెత్తు నిదర్శనమట, అంపైర్ల నిర్ణయాన్ని ఏనాడూ ప్రశ్నించని క్రమశిక్షణ అట. ఎవరు పోయినా అదే కాగితం, పేరొక్కటే మారుస్తారని నా అనుమానం. ఇంతకీ ఆ రోజు మ్యాచ్‌కి అంపైర్ ఎవరనుకుంటున్నారు? అప్పుడు ఇతని చేత నెట్టించుకున్నాయనే. టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ మాట వినబడగానే గ్యాలరీ మొత్తం ఆయన వైపే చూసింది. ఆయన పెదవి కొరుక్కుని తన బూట్ల వైపు చూసుకున్నాడు. నా వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక కిసుక్కుమన్నారు. అది పాకింది. నవ్వేవాళ్లను "ష్‌ష్" అని గదమాయించేవాళ్ల గోల అంతకంటే పెద్దదైంది. అభిమానులు తిట్లు లంకించుకున్నారు. నిమిషం మౌనం అన్నారు గానీ అందులో పావు వంతు కూడా మౌనం లేదు. అది అయ్యీ అవ్వకముందే స్పీకర్లలో డీజే పాట.

మర్నాడు అందరూ ప్రేక్షకులకు సంస్కారం లేదని రాశారు. నాకు ఇప్పటికీ అక్కడే మండుతుంది. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నట్టు లేని గుణాలన్నీ అంటగట్టి చదివితే, అతన్ని ఏళ్ల తరబడి కళ్లారా చూసిన జనం నవ్వక ఏం చేస్తారు? "భలే ఫాస్ట్‌గా వేసేవాడు, కోపిష్టి, మీకందరికీ తెలుసు, ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి" అని ఉంటే ఒక్కడూ నవ్వేవాడు కాదని నేను రాసిస్తాను.

అసలు నివాళి ఆట మొదలయ్యాక వచ్చింది. అతను వేసే ఎండ్ నుంచే అదే జట్టు కుర్రాడు కొత్త బంతితో పరిగెత్తుకొస్తుంటే ఏ మూల నుంచో కాళ్ల చప్పుడు మొదలైంది. రెండు అడుగులు పడేలోపే గ్యాలరీ అంతా దడదడ. బ్యాట్స్‌మన్ కంగారుపడి పక్కకు తప్పుకుని అంపైర్‌కు చెయ్యి చూపించాడు. ఆ ఎండ్‌లో ఉన్నది ఆయనే, ఆ నెట్టించుకున్నాయన. గ్యాలరీ వైపు తిరిగి ఆపమనలేదు. కాసేపు ఓపిక పట్టమన్నట్టు బ్యాట్స్‌మన్‌కే సైగ చేశాడు. ఇందాక నవ్వినవాళ్లూ తిట్టుకున్నవాళ్లూ కలిసే కాళ్లు ఆడించారు. ఎవరూ ఏమీ ప్రకటించలేదు.

పెద్ద మైదానాల్లోనూ నేను గమనించింది ఇదే. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్ 2005 నవంబరు 25న పోయాడు. మైదానంలో మాయగాడు, బయట తాగుడు, తాగి కారు నడిపిన కేసులో 1984లో జైలు కూడా. ఆ వారాంతంలో మాంచెస్టర్ సిటీ, లివర్‌పూల్ మ్యాచ్‌లో మౌనం పాటించమంటే కొందరు అరుపులు మొదలెట్టారు, మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మర్నాడు వెస్ట్‌హామ్ మైదానంలో మౌనం బదులు నిమిషం పాటు చప్పట్లు కొట్టించారు, హాయిగా జరిగిపోయింది. మౌనంలో ఉన్న చిక్కే అది. వేల మంది కష్టపడి నిలబెట్టినదాన్ని ఒక్కడు చెడగొట్టగలడు. చప్పట్లను ఒక్కడేం చేయగలడు? వాడు ఎంత అరిచినా వినపడదు.

ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ విషయం ఇంకా నచ్చింది నాకు. 2022 మార్చిలో పోయాడు. నిషేధిత మందు వాడి 2003లో ఏడాది నిషేధం తెచ్చుకున్నాడు, అంతకుముందు బుకీ దగ్గర డబ్బు తీసుకుని జరిమానా కట్టాడు, మిగతా కథలు పత్రికలు చూసుకున్నాయి. ఆ జూన్‌లో లార్డ్స్‌లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ టెస్టు మొదటి రోజు 23 ఓవర్లు అవగానే ఆట ఆపి 23 సెకన్లు చప్పట్లు కొట్టారు. 23 అతని జెర్సీ నంబరు. అంతే. సత్పురుషుడని ఎవరితోనూ ఒప్పించే పని లేదు. బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ పోయిన రోజు, 2020 జనవరి 26న, శాన్ ఆంటోనియో, టొరంటో జట్లు చెరోసారి బంతిని అలాగే పట్టుకుని 24 సెకన్ల షాట్ క్లాక్‌ను, అంటే బంతి విసరడానికి ఇచ్చే గడువును, ఖాళీగా పోనిచ్చాయి. గ్యాలరీ లేచి అతని పేరు అరిచింది. అతని నంబరు 24. ఆటలోంచే పుట్టిన నివాళి ఇలా ఉంటుంది.

అయితే కోబీ పేరెత్తితే 2003 నాటి అత్యాచార ఆరోపణ మాటేమిటని అడుగుతారు, అడగాలి కూడా. ఫిర్యాదు చేసినామె సాక్ష్యం చెప్పడానికి ఇష్టపడకపోవడంతో క్రిమినల్ కేసు కొట్టేశారు, సివిల్ దావా తర్వాత రాజీ అయింది. ఇక్కడ నాదొక మొండి అభిప్రాయం ఉంది, ఎంతమంది వాదించినా మారలేదు. ఆటను మోసం చేసినవాణ్ణి క్షమించే హక్కు ప్రేక్షకులకు ఉంది, ఎందుకంటే మోసపోయింది వాళ్లే. టికెట్ కొన్నది వాళ్లు, గొంతు పోయేలా అరిచింది వాళ్లు. దక్షిణాఫ్రికా క్రికెట్ కెప్టెన్ హాన్సీ క్రోనే బుకీల డబ్బు తీసుకుని 2000లో జీవితకాల నిషేధం తెచ్చుకున్నాడు, 2002లో విమాన ప్రమాదంలో పోయాడు. అతని కోసం ఏడ్చినవాళ్లను నేను తప్పుపట్టను. బేస్‌బాల్‌లో పీట్ రోజ్ సొంత జట్టు మ్యాచ్‌ల మీదే పందేలు కాసి 1989లో బహిష్కరణకు గురయ్యాడు, 2024లో పోయాక 2025 మేలో సిన్సినాటి జనం స్టేడియం నింపి అతని పేరు జపించారు. పందేల వరకైతే వాళ్ల బాకీ, వాళ్లు కొట్టేసుకున్నారు.

కానీ ఇంట్లో మనిషినో, ఎక్కడో ఒక హోటల్ గదిలో ఇంకో మనిషినో బాధపెట్టాడని మాట ఉంటే ఆ బాకీ గ్యాలరీది కాదు. మనం ఎంత గట్టిగా చప్పట్లు కొట్టినా అది తీరదు, తీరినట్టు మాట్లాడకూడదు. మనకు ఇచ్చినదానికి మాత్రం చప్పట్లు కొట్టొచ్చు.

అందుకే మారడోనా పోయినప్పుడు స్పెయిన్‌లో జరిగింది నాకు తప్పుగా అనిపించలేదు. పావులా దపేనా అనే ఫుట్‌బాల్ క్రీడాకారిణి, మ్యాచ్‌కు ముందు అందరూ నిలబడి మౌనం పాటిస్తుంటే వీపు తిప్పి నేల మీద కూర్చుంది. అతను పోయిన 2020 నవంబరు 25, మహిళలపై హింసకు వ్యతిరేకంగా పాటించే రోజు కూడా. హింసకు బలైన ఆడవాళ్ల కోసం మౌనం పాటించలేదు, హింసించినవాడి కోసం నేను పాటించను అంది. అరవలేదు, ఎవరినీ తిట్టలేదు, పక్కవాళ్లను కూర్చోమనలేదు. దానికి ఆమెకు చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి. ఒక అమ్మాయి కూర్చుంటే చెడిపోయే గౌరవమైతే అది ముందే డొల్ల అన్నమాట. మారడోనా ఎడమకాలికి దండం పెట్టేవాళ్లలో నేనూ ఒకణ్ణి, అయినా అదే మాట అంటాను.

ఈ మధ్య ఇంకో జబ్బు మొదలైంది. నివాళి సమయంలో పెద్ద స్క్రీన్ మీద ఫొటో, దాని కింద స్పాన్సర్ లోగో. కెమెరా స్టాండ్స్‌లోకి వెళ్లి ఏడుస్తున్నవాళ్లను వెతికి మరీ చూపిస్తుంది. తమను చూపిస్తున్నారని తెలియగానే ఆ ఏడ్చేవాళ్లు చెయ్యి ఊపుతారు! నిమిషమంతా ఫోన్లు పైకెత్తి వీడియో తీసేవాళ్లు చప్పట్లు ఏ చేత్తో కొడతారో నాకు అర్థం కాదు.

ఇక మీ రెండో ప్రశ్న, పడనివాళ్ల సంగతి. గోల చేయొద్దనే అంటాను, మర్యాద కోసం కాదు. బతికున్నప్పుడు గోల చేస్తే అతనికి తగిలేది, తిరిగి ఏదో అనేవాడు, అదీ ఆటలో భాగమే. ఇప్పుడు చేస్తే తగిలేది ముందు వరసలో కూర్చున్న అతని పిల్లలకు. కూర్చోవాలనిపిస్తే కూర్చోండి. కూర్చున్నవాణ్ణి భుజం పట్టి లేపే హక్కు ఎవరికీ లేదు. అది కూడా ఇబ్బంది అనుకుంటే బయటికి వెళ్లి రండి. నిర్వాహకులకు ఒక్కటే చెప్తాను, ఆ నిమిషం పాటు గేట్లు మూసేసి ఎవరినీ కదలనివ్వకుండా సెక్యూరిటీవాళ్లను నిలబెట్టే పద్ధతి మానండి. పోయేవాణ్ణి పోనివ్వండి, మొదటి ఓవర్ కల్లా వాడే వస్తాడు.