తప్పించుకున్నవాడికి మార్కులెన్ని?

రింగు పక్కన: పాఠకుల ప్రశ్నలకు చెన్నై పెరంబూర్ బాక్సింగ్ మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, అమెరికా బాక్సర్లలో ఫ్లాయిడ్ మేవెదర్ 50 ఫైట్లు ఆడి 50 గెలిచాడు. పెర్నెల్ విటేకర్ నాలుగు ఓడిపోయాడు, నాకౌట్లు చూస్తే 17 మాత్రమే. అయినా కిందటి సంచికలో డిఫెన్స్ అంటే విటేకరే అని రాశారు. మా జిమ్‌లో దీని మీద పెద్ద గొడవ. దెబ్బ తప్పించుకుని తిరిగేవాణ్ణి మహమ్మద్ అలీ, షుగర్ రే రాబిన్సన్‌ల వరసలో ఎలా కూర్చోబెడతాం? ఇలాంటి బాక్సర్‌కి ఆల్ టైమ్ గ్రేట్స్‌లో ర్యాంకు ఎలా ఇవ్వాలి?
(ఒక పాఠకుడు, వ్యాసర్‌పాడి)

జవాబు: తమ్ముడూ, ముందు నా లెక్క చెప్పేస్తాను, తర్వాత ఎంతసేపైనా వాదించుకుందాం. లైట్‌వెయిట్‌లో, అంటే 61 కిలోల తరగతిలో, రాబర్టో డురాన్ తర్వాత పేరు విటేకర్‌దే. అన్ని బరువులూ కలిపితే చరిత్రలో మొదటి పదిహేనుమందిలో అతను ఉండాలి. పాతకాలపు విల్లీ పెప్‌ని అతనికంటే ముందు పెడతాను, మేవెదర్‌ని వెనక పెడతాను.

గెలుపోటముల పట్టీతో మొదలుపెడితే అక్కడే దారి తప్పుతాం. విటేకర్‌కి 40 గెలుపులు, 4 ఓటములు, ఒక డ్రా. మొదటి ఓటమి 1988 మార్చిలో, ఫ్రాన్స్‌లో, హోసే లూయిస్ రామిరెజ్ చేతిలో. ఆ ఫైట్ చూసి రామిరెజ్ గెలిచాడని చెప్పినవాణ్ణి నేనింతవరకు కలవలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో విటేకర్ తన సొంతూరు నార్ఫోక్‌లో అదే రామిరెజ్‌ని ముగ్గురు జడ్జీలూ ఒప్పుకునేలా ఓడించాడు. మిగతా మూడు ఓటములూ 33 ఏళ్లు వచ్చాక తగిలినవి: 1997లో ఆస్కార్ డెలా హోయా, 1999లో ఫెలిక్స్ ట్రినిడాడ్, 2001లో కాలర్ బోన్ విరిగి ఆగిపోయిన ఆఖరి ఫైట్. డెలా హోయాతో ఆడినప్పుడు కూడా 9వ రౌండ్‌లో కింద పడ్డది డెలా హోయానే. జడ్జీలు ఇచ్చినంత తేడా ఆ ఫైట్‌లో లేదు.

ఇక ఆ ఒక్క డ్రా. నాకు ఇప్పటికీ కడుపు మండేది దాని గురించే. 1993 సెప్టెంబర్ 10, అమెరికాలో శాన్ ఆంటోనియో, ఆలమోడోమ్ స్టేడియం. ఎదురుగా మెక్సికో వీరుడు హూలియో సెసార్ చావెజ్, 87 ఫైట్లు గెలిచి ఒక్కటీ ఓడనివాడు. అరవై వేల దాకా జనం, దాదాపు అందరూ చావెజ్ వాళ్లే. చావెజ్ పద్ధతి నీకు తెలిసే ఉంటుంది. నెమ్మదిగా ముందుకు వస్తూనే ఉంటాడు, దారి మూసేస్తాడు, దగ్గరికి చేరాక ఎడమ హుక్‌తో, అంటే పక్కనుంచి వంపు తిరిగి వచ్చే పంచ్‌తో, పక్కటెముకల కింద లివర్ మీద కొడతాడు. విటేకర్‌తో పాటు 1984 ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన మెల్డ్రిక్ టేలర్ 1990లో ఇతనితో ఆడి, పాయింట్లలో ముందుండి కూడా, 12వ రౌండ్ ముగియడానికి రెండు సెకన్లు ఉందనగా రిఫరీ ఫైట్ ఆపేయడంతో ఓడిపోయాడు. ఇద్దరిదీ ఒకే శిబిరం, ఒకే గురువు జార్జ్ బెంటన్. టేలర్ గతే విటేకర్‌కీ పడుతుందని చాలామంది అనుకున్నారు.

నా దగ్గరి పిల్లలకు ఆ ఫైట్ వేసి చూపించేటప్పుడు విటేకర్‌ని చూడొద్దంటాను, చావెజ్ ముఖం చూడమంటాను. మొదటి రెండు రౌండ్లు ధీమాగా ఉంటాడు. ఆ తర్వాత ఆ కళ్లలో ఒక అయోమయం మొదలవుతుంది. విటేకర్ ఎక్కడికీ పారిపోలేదు, చేయి చాస్తే అందే దూరంలోనే నిలబడ్డాడు. అయినా పంచ్ అందలేదు. ఎందుకని? కాళ్లు చూడాలి. విటేకర్ సౌత్‌పా, అంటే కుడి కాలు ముందు. ఆ కుడి పాదాన్ని చావెజ్ ఎడమ పాదానికి బయటి పక్కన వేసి ఉంచాడు. అలా వేస్తే చావెజ్ లివర్ హుక్‌కి దారి చుట్టు తిరుగుడైపోతుంది. అది వచ్చేలోపు విటేకర్ మోకాళ్లు వంచి నడుము దగ్గర ఒంగిపోయేవాడు, లేస్తూ కుడి జాబ్, అంటే ముందు చేత్తో తిన్నగా విసిరే పంచ్, ఛాతీ మీద, పొట్ట మీద. ఫైట్ సాగేకొద్దీ దగ్గరికి దూరి కొట్టింది కూడా విటేకరే. నా లెక్కలో చావెజ్‌ని చావెజ్ ఆటతోనే ఓడించాడు.

తీర్పు: ఒక జడ్జి 115-113 విటేకర్‌కి ఇచ్చాడు, ఇద్దరు 115-115 రాశారు. డ్రా. చావెజ్ ఓటమి లేని రికార్డు బతికిపోయింది.

దూకేవాడి వైపే జడ్జి కన్ను ఎందుకు పోతుందో నాకు తెలుసు. నేను రాష్ట్ర పోటీలకు జడ్జిగా కూర్చున్నవాణ్ణి. గ్లవ్ మోచేతికి తగిలినా ఫట్‌మని శబ్దం వస్తుంది, వెనకనుంచి జనం అరుస్తారు, ఆ అరుపుతో చేయి కదిలిపోతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ గెలవాల్సిన ఫైట్‌ని జడ్జీలు ఎదుటివాడికి ఇచ్చాక, 1992 బార్సిలోనా నుంచి అమెచ్యూర్ బాక్సింగ్‌లో కంప్యూటర్ స్కోరింగ్ తెచ్చారు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకనులోపు అదే రంగు బటన్ నొక్కితేనే పాయింటు. చేతిలో ఎరుపు బటన్, నీలం బటన్. తప్పించిన దెబ్బకి బటన్ లేదు. 2013లో దాన్ని తీసేసి రౌండ్ గెలిచినవాడికి పది, ఓడినవాడికి అంతకంటే తక్కువ ఇచ్చే పది పాయింట్ల పద్ధతికి వచ్చారు. ప్రొఫెషనల్స్‌లో జడ్జి చూడాల్సినవి నాలుగంటారు: శుభ్రంగా తగిలిన పంచ్‌లు, ఫలితం ఉన్న దూకుడు, రింగు మీద పట్టు, డిఫెన్స్. ఆచరణలో నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోరు. అందుకే డిఫెన్స్ మాస్టర్ రికార్డులో డ్రాలూ ఓటములూ కనబడితే నేను ముందు ఆ ఫైట్ చూస్తాను, అంకె తర్వాత.

మేవెదర్ విషయానికి వద్దాం. అతన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2001లో డియేగో కొరాలెస్‌ని ఐదుసార్లు కింద పడేసిన రాత్రి, 2013లో 23 ఏళ్ల కనెలో అల్వారెజ్‌కి రింగులో చోటే లేకుండా చేసిన రాత్రి చూసి తీరాలి. భుజం అడ్డుపెట్టి పంచ్‌ని జార్చేయడంలో అతన్ని మించినవాళ్లు తక్కువ. కానీ 50 అనే అంకెని విప్పి చూడు. యాభయ్యోది 2017లో కోనార్ మెక్‌గ్రెగర్ మీద, అతనికి అది ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మొట్టమొదటి ఫైట్. మానీ పాకియావ్‌తో మాటలు 2009లో మొదలై ఫైట్ 2015 మేలో జరిగింది, అప్పటికి పాకియావ్‌కి 36. 2002లో హోసే లూయిస్ కాస్టియోతో మొదటి ఫైట్‌లో కాస్టియోనే గెలిచాడనేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆ రోజు జడ్జీల పెన్ను మేవెదర్ వైపు కదిలింది. విటేకర్‌కి ఫ్రాన్స్‌లోనూ ఆలమోడోమ్‌లోనూ ఎదురు కదిలింది. ఆ తీర్పులు అటూ ఇటూ మారి ఉంటే మీ జిమ్‌లో ఇవాళ 50-0 గురించి మాట్లాడేవాళ్లే కాదు.

విల్లీ పెప్‌ని ముందు పెట్టడానికి కారణం ఉంది. 229 గెలుపులు. 1947 జనవరిలో విమానం కూలి వెన్నుపూస, కాలు విరిగితే, ఆ ఏడాది జూన్‌లోనే మళ్లీ రింగులోకి దిగాడు. 1948లో తనను నాకౌట్ చేసిన శాండీ శాడ్లర్‌ని 1949 ఫిబ్రవరిలో 15 రౌండ్లు ఆడి ఓడించాడు, ముఖమంతా చీరుకుపోయినా సరే. శాడ్లర్ తర్వాత రెండుసార్లు మళ్లీ ఓడించాడు, అది కూడా లెక్కలో ఉండాలి.

అర్జెంటీనా నికోలినో లొచేని మాత్రం అంత పైకి ఎక్కించలేను. దెబ్బ తప్పించడంలో బహుశా అందరికంటే అందగాడు అతనే. 1968లో టోక్యో వెళ్లి పాల్ ఫుజీని విసిగించి విసిగించి 10వ రౌండ్‌కి కుర్చీలోంచి లేవకుండా చేశాడు. కానీ జీవితంలో ఎక్కువ భాగం అర్జెంటీనాలోనే ఆడాడు, ఎదుటివాళ్లలో గొప్పవాళ్లు తక్కువ. ఎవరి దెబ్బ తప్పించాడు అన్నదే నాకు ముఖ్యం. విటేకర్ తప్పించింది చావెజ్‌వి, అజుమా నెల్సన్‌వి, బడ్డీ మెక్‌గర్ట్‌వి. 61 కిలోల లైట్‌వెయిట్ నుంచి 70 కిలోల దాకా నాలుగు బరువుల్లో బెల్ట్‌లు గెలిచాడు.

అతనికి మచ్చలు లేవనను. కొకైన్ అలవాటు అతని ఆఖరి ఏళ్లను తినేసింది, 1997లో ఒక గెలుపు కొకైన్ పరీక్షలో దొరకడంవల్లే రద్దయింది. పంచ్‌లో బరువు తక్కువ కాబట్టి ప్రతి రాత్రీ జడ్జీల దయ మీదే ఆధారపడాల్సి వచ్చింది. మొదటి ఐదుగురిలో నేను పెట్టకపోవడానికి కారణం ఇదే.

ఇంకొక్క మాట. అలీని డిఫెన్స్‌కి ఎదురుగా నిలబెట్టావు చూడు, అది ఒప్పుకోను. 1967కి ముందు అలీ చేతులు కిందకి వేలాడదీసి, తల వెనక్కి వాల్చి హెవీవెయిట్‌ల పంచ్‌లను వేళ్ల దూరంలో పోనిచ్చాడు. 1980లో అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎలిస్‌తో ఎగ్జిబిషన్ ఆడాడు. అది చూసిన పెద్దవాళ్లు మీ పేటలో ఇంకా ఉంటారు, వెళ్లి అడుగు.

ప్రశ్న: సార్, మా అమ్మాయికి 13 ఏళ్లు, బాక్సింగ్ నేర్చుకుంటోంది. హెడ్‌గార్డ్ పెట్టుకుంటే తలకి ప్రమాదం లేదని అక్కడ చెప్పారు. నిజమేనా? నాకు రోజూ టెన్షనే.
(ఒక తల్లి, విల్లివాక్కం)

జవాబు: అమ్మా, హెడ్‌గార్డ్ చీరుకుపోకుండా, వాచకుండా కాపాడుతుంది. పుర్రె లోపల మెదడు కదలకుండా అది ఆపలేదు. మెదడుని కాపాడేది డిఫెన్స్, ఇంకా కోచ్ ఓపిక. నా దగ్గర కొత్తగా వచ్చిన పిల్లలకి రింగుకి అడ్డంగా గడ్డం ఎత్తులో ఒక తాడు కడతాను. గార్డ్, అంటే ముఖానికి అడ్డుగా ఎత్తిన చేతులు, దించకుండా, మోకాళ్లు వంచి దాని కిందనుంచి అటూ ఇటూ నడవాలి. అది ఒంటికి పట్టేదాకా స్పారింగ్, అంటే ఎదుటి మనిషితో సాధన ఫైట్, లేదు. మీ అమ్మాయి కోచ్‌ని రెండు అడగండి: స్పారింగ్ ఎప్పుడు మొదలుపెడతారు, ఎదురుగా ఏ బరువు పిల్లని నిలబెడతారు. స్పారింగ్ అయ్యాక తలనొప్పి, వాంతి, మత్తుగా ఉండటం, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. డాక్టర్ సరేననేదాకా గ్లవ్స్ ఇంట్లోనే ఉండాలి, జిల్లా పోటీ మరుసటి రోజే ఉన్నా సరే.